ఇద్దరు టీచర్లనివ్వండి, ఆ తర్వాత లెక్క అడగండి

తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,

విద్యాశాఖ కూడా మీ దగ్గరే ఉంది కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. నేను సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్‌జీటీ)గా చేరి ఎస్‌జీటీగానే రిటైరయ్యాను. చివరి ఏళ్లు ఒక ఏకోపాధ్యాయ బడిలో గడిచాయి. ఐదు తరగతులు, రెండు గదులు, 17 మంది పిల్లలు, నేను.

కాగితం మీద ఆ బడికి ఏ లోటూ కనిపించదు. 30 మందికి ఒక టీచరు చాలంటారు, నా దగ్గర అందులో సగానికి కొంచెం ఎక్కువ. కానీ పిల్లల్ని లెక్కపెట్టినవాళ్లు తరగతుల్ని లెక్కపెట్టలేదు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లీషు, గణితం. మూడు నుంచి ఐదు దాకా వీటికి తోడు పరిసరాల విజ్ఞానం. మొత్తం 18 సబ్జెక్టులు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక బడికి ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు నిర్ణయించింది. అంటే రోజుకు 240 నిమిషాలు. 18 సబ్జెక్టులకు పంచితే ఒక్కోదానికి 13 నిమిషాలు వస్తాయి. హాజరు పట్టీ, బియ్యం లెక్క, గుడ్ల లెక్క, ఫోన్‌లో నింపాల్సిన వివరాలు, అన్నీ ఆ 13 నిమిషాలనే కొరుక్కు తింటాయి. అదే చట్టం షెడ్యూలులో, పిల్లలు 60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లు ఉండాలని ఉంది. చట్టం రాసినవాళ్లకు ఒక్కరితో బడి నడవదని తెలుసు.

ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేటప్పుడు మిగతా నాలుగు తరగతులకూ చూచిరాతే. ఐదో తరగతి పిల్ల ఒకతి చిన్నవాళ్లతో గుణింతాలు వల్లె వేయించేది. చక్కగా చెప్పేది. ఆ పూట ఆ పిల్ల నేర్చుకోవాల్సిన భిన్నాలు మాత్రం మిగిలిపోయేవి. నాలుగో తరగతి పిల్లవాడొకడు ఒత్తు వచ్చిన చోటల్లా ఆగిపోయేవాడు. వాడిని రెండో తరగతిలోనే పక్కన కూర్చోబెట్టుకోవాల్సింది. నేను కూర్చోబెట్టుకోలేదు. ఆ తప్పులో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను.

జవాబుదారీతనం గురించి నా మాట ఇక్కడే మొదలవుతుంది. 2025 ఆగస్టు 1 నుంచి టీచర్లకు ఫోన్‌లో ముఖ గుర్తింపు హాజరు పెట్టారు. నేను వ్యతిరేకించను. బడికి రాకుండా జీతం తీసుకునేవాడు దొరకాల్సిందే. అయితే ఆ ఫోన్ సారు వచ్చాడని చెబుతుంది, పిల్లకు చదవడం వచ్చిందో లేదో చెప్పదు. అది అడగబోతే ఏకోపాధ్యాయ బడిలో ఒకటే జవాబు: ‘ఒక్కడినే, ఏం చేయను?’ పొద్దంతా కష్టపడ్డవాడూ ఇదే అంటాడు, పని ఎగ్గొట్టినవాడూ ఇదే అంటాడు. తనిఖీకి వచ్చిన మండల విద్యాధికారి (ఎంఈఓ) ఈ ఇద్దరినీ ఎలా వేరు చేస్తారు? టీచర్ల కొరత మంచి టీచరును చంపుతుంది, చెడ్డ టీచరును కాపాడుతుంది. మా సంఘాలు ఈ రెండో సగం గురించి మాట్లాడవు. మాట్లాడాలి.

ఉన్న ఆ ఒక్కరినీ బడిలో పూర్తిగా ఉండనివ్వరు. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు మమ్మల్ని పంపినప్పుడు ప్రాథమిక బడులు మధ్యాహ్నం దాకానే నడిచాయి. సర్వే అవసరమే. కానీ హైస్కూళ్లు పూర్తిగా నడిచాయి. కోత పడింది అక్షరాలు నేర్చుకునే చిన్నపిల్లలకే.

జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాటకు వెళ్లినప్పుడు ఒక తల్లి నాతో అన్నది: “సారూ, మీరు మంచిగనే చెప్తరు. గానీ మీరొక్కరే గదా, మీకు జరమొస్తే బడికి తాళమే గదా.” ఆమె తన బిడ్డను ప్రైవేటు బడి బస్సు ఎక్కించింది. అప్పు చేసి ఫీజు కట్టింది. ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. అలా ఒక్కో బిడ్డా తగ్గితే పోస్టు పోతుంది, పోస్టు పోతే మిగిలిన బిడ్డలూ పోతారు. పిల్లలు తగ్గారు కాబట్టి టీచరును తీసేశామని అధికారులంటారు. మా ఊళ్లో జరిగింది ముందు సర్దుబాటు పేరుతో రెండో టీచరును పక్క ఊరికి పంపడం. పిల్లలు ఆ తర్వాతే తగ్గారు.

అయ్యా, వచ్చే బడిబాటకు ముందే పిల్లలున్న ప్రతి ప్రాథమిక బడికీ ఇద్దరు టీచర్లను ఇవ్వండి. బడి నడిచే రోజుల్లో వాళ్లను సర్వేలకు, సర్దుబాట్లకు కదిలించకండి. రెండేళ్లు ఆగి, ఊరి తల్లిదండ్రులందరి ముందు మూడో తరగతి పిల్లల చేతికి తెలుగు వాచకం ఇచ్చి, మీకు నచ్చిన పేజీ చదివించండి. చదవలేకపోతే ఆ ఇద్దరినీ పేరు పెట్టి అడగండి. అప్పుడు వాళ్ల తరఫున నేను ఒక్క మాట కూడా మాట్లాడను.

ఇట్లు,
ఒక విశ్రాంత సెకండరీ గ్రేడ్ టీచర్