మూలవాగు ముచ్చట ఎవరి దస్త్రంలోకి ఎక్కాలె?

ఒకప్పుడు ఊరి లెక్కంతా పట్వారి దస్త్రంలో ఉండేది. శిఖం ఎంత, బంచరాయి ఎంత, ఏ చెరువు కింద ఎంత పారకం – ఆయన రాసిందే రాత. 1984లో పట్వారీల కొలువులు రద్దయినయి. దస్త్రం పోలేదు, కంప్యూటర్లకెక్కింది. నిజాం కచేరీలో మనకు రాని ఉర్దూ ఉంటే ఇందులో మనకు రాని ఇంగ్లీషు ఉంది.

నీళ్లు, అడవి, గనుల సమాచారమంతా ఒక్కచోట పెడతాం, ఎవరైనా చూసుకోవచ్చు అంటున్నరు. మంచిదే, మేము వద్దనడం లేదు. ప్రాజెక్టుల అనుమతుల కాగితాలకు కేంద్ర సర్కారు 2018లో ‘పరివేష్’ పెట్టింది. తెరిచి చూస్తే వందల పేజీల ఇంగ్లీషు. 2006 నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు స్థానిక భాషలో ఇవ్వాల్సింది సారాంశమే. 2020లో ఆ నిబంధనలను మార్చే ముసాయిదాను 22 భాషల్లోకి తర్జుమా చేయండని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. సర్కారు తర్జుమా చేయలేదు, సుప్రీంకోర్టు మెట్లెక్కింది! మన భాషలో కాగితం ఇయ్యడానికి అంత భయమెందుకో?

మన వేములవాడ పక్కకే వద్దాం. మాన్వాడ దగ్గర మిడ్ మానేరు కట్టిండ్రు. సంకెపల్లి, రుద్రవరం, అనుపురం, చీర్లవంచ, కొదురుపాక, నీలోజిపల్లి వంటి ఊళ్లు మునిగినయి. పరిహారానికి ఎకరాలు, ఇండ్లు, చెట్లు లెక్కవెట్టిండ్రు. ఏ చెలిమె ఏ నెలదాకా ఊరేది? తోలు ఊనే తంగేడు చెక్క ఏ గట్టున దొరికేది? వాడోళ్లకు విడిగా వదిలిన రేవు ఏది? ఇవి ఏ ఖాతాలోనూ లేవు. అవి తెలిసిన ముసలోళ్లు పునరావాస కాలనీల్లో ఒక్కొక్కరే పోతున్నరు.

చెరువు సంగతీ అంతే. తూము ఎప్పుడు తియ్యాలె, ఏ మడికి ఎంతసేపు నీళ్లు ఇయ్యాలె అన్నది నీరడికి తెలుసు. ఆ పని తరతరాలుగా చేసింది ఎక్కువగా మాల మాదిగలే. 2015లో మిషన్ కాకతీయ మొదలువెట్టినప్పుడు 46 వేలకు పైగా చెరువులున్నయన్నరు. పూడిక ఎంత తీసిండ్రో బిల్లుల్లో ఉంది. నీరడి నోటి లెక్క మాత్రం మాకెక్కడా కనిపించలేదు. వీఆర్ఏలుగా మారిన ఆ కుటుంబాల వాళ్లను 2023లో వేర్వేరు శాఖల్లో సర్దిండ్రు.

ఇంకో సంగతి చాలామందికి తెల్వదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక రిజిస్టర్ ఉండాలె. ఊరి చెట్టు, విత్తనం, పశువు, వాటి గురించి జనానికి తెలిసింది – అన్నీ జనాన్ని అడిగి రాయాలె. 2020 జనవరి గడువని గ్రీన్ ట్రిబ్యునల్ గట్టిగా చెప్పినంక దేశమంతా ఉరుకులు పరుగుల మీద రాసిండ్రు. మీ ఊరి రిజిస్టర్ మీరు చూసిండ్రా? దానికోసం ఎవరన్నా వాడకొచ్చి అడిగిండ్రా?

చదువు రానోళ్లకు లైబ్రరీ ఎందుకనేటోళ్లు ఓసారి జహీరాబాద్ పోయి రావాలె. పస్తాపూర్ సంఘాల దళిత ఆడోళ్లు కెమెరా పట్టి పంటల మీద సొంతంగా సినిమాలు తీసిండ్రు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో మొదలువెట్టిండ్రు. విత్తనం గురించి విత్తనం దాచిన మనిషే మాట్లాడుతది. లైబ్రరీ అంటే అది. రాతకంటే ముందు గొంతు దాచాలె, మన యాసలోనే దాచాలె.

అయితే అంతా ఎక్కించొద్దని కూడా అంటున్నం. మందాకుల గుట్టు కంప్యూటర్‌లో పెడితే రేపు కంపెనీ పట్టుకపోతది. 2023 సవరణ ఆయుష్ వైద్యులకు, గ్రంథాలకెక్కిన సంప్రదాయ జ్ఞానం వాడుకునేటోళ్లకు ప్రయోజనాలు పంచే బాధ్యత తప్పించింది. ఏది చెప్పాలె, ఏది దాచాలె అన్నది వాడ కూసొని తేల్చుకోవాలె. చెప్పిన మనిషి పేరు పెట్టాల్నా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం.

కార్యకర్తలు వచ్చే గ్రామసభలో ఆ రిజిస్టర్ అడగాలె. లేదంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలె, తెలుగులో. వచ్చిన కాగితాన్ని వాడలో బిగ్గరగా చదవండి, తప్పులుంటే అక్కడికక్కడే రాయించండి. నీరడి పని చేసిన పెద్దమనిషి ఉంటే ఫోను పట్టుకొని ఆయనతో తూము కాడికి పోండి. వానలు పడక ముందే పోండి, చెరువు అడుగు కనపడుతది.