కొసన కాపలా

అమెరికాలో తెలుగువారు పదిమందీ కలిసి ఒక సమావేశమందిరమో, గుడికి వంటశాలో కట్టుకోదలచినప్పుడు, ఖర్చు తగ్గించడానికి ముందుగా దృష్టి పడేది కంటికి కనబడని పనులమీదనే. గోడ వెనుక సాగే కరెంటు తీగలు అటువంటివి. “ఇంత చిన్న తీగ కలపడానికి పర్మిట్టా?” అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. దానికి తగిన సమాధానం విద్యుత్ నియమావళిలోనే ఉంది.

1897లో మొదట వెలువడిన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌ను 1911 నుంచి నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ నిర్వహిస్తోంది, మూడేళ్ళకొకసారి సవరిస్తోంది. పెద్ద ఫీడరు నుంచి చిన్న తీగను చీల్చుకునే పద్ధతిని అందులోని 240.21 విభాగం నిర్దేశిస్తుంది. ఆ చిన్న తీగను ‘ట్యాప్’ అంటారు.

కాలువల కింద సేద్యం ఎరిగినవారికి ఇది సులభంగానే బోధపడుతుంది. పెద్ద కాలువనుంచి పిల్లకాలువ చీలేచోట తూము ఉంటుంది. తీగలకూ సాధారణ సూత్రం అదే: తీగ మొదట్లోనే దానికి తగిన బ్రేకరు ఉండాలి. ట్యాప్ ఇందుకు మినహాయింపు. దాని తూము తలదగ్గర కాక, కొసన ఉంటుంది. కనుకనే ఆ కొస విషయంలో నియమావళి అంత పట్టుదల చూపుతుంది.

ఉదాహరణకు, 300 ఆంపియర్ల బ్రేకరు రక్షణలో ఉన్న ఫీడరునుంచి 25 అడుగులకు మించని ట్యాప్ తీస్తే, దాని సామర్థ్యం మూడోవంతుకు, అనగా 100 ఆంపియర్లకు, తగ్గరాదు. దెబ్బ తగలకుండా గొట్టంలో సాగాలి. తన సామర్థ్యానికి మించిన భారం పడనివ్వని ఒకే ఒక బ్రేకరులోగాని, ఒకే జత ఫ్యూజులలోగాని ముగియాలి.

ఒకటే ఎందుకు? కొసన 100 ఆంపియర్ల బ్రేకర్లు రెండు పెట్టారనుకుందాం. ఒక్కొక్కదానిలో 90 చొప్పున పారితే తీగలో పారేది 180. రెండు బ్రేకర్లూ కదలవు. పైనున్న 300 బ్రేకరూ కదలదు. తీగ మాత్రం కాగుతుంది. దానిపై పాలీవినైల్ క్లోరైడ్ తొడుగు పెళుసుబారి, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వెలువరిస్తుంది. ఇక తీగ నడుమ షార్టు అయితే కొసనున్న బ్రేకరు ఆదుకోలేదు. అందుకే పొడవుకు హద్దు, మందానికి కనీస పరిమితి. ట్యాప్‌నుంచి నేరుగా మరో ట్యాప్ తీయడం నిషిద్ధం.

కొసను బిగించడమూ శాస్త్రమే. అల్యూమినియంపై క్షణంలో ఏర్పడే ఆక్సైడు పొర విద్యుత్తును సరిగా పోనివ్వదు. మర వదులైతే నిరోధం పెరుగుతుంది, దానితో వేడీ పెరుగుతుంది. తయారీదారు బిగింపు కొలతను పేర్కొన్నచోట, దాన్ని కొలిచే సాధనంతోనే బిగించాలని 2017 కూర్పు ఆదేశించింది.

ఇంజనీర్లకూ డాక్టరేట్లకూ కొదవలేని సమాజం ప్రవాసాంధ్రులది. ఆ ధీమాయే ఒక్కొక్కప్పుడు ప్రమాదహేతువు. ఓమ్ సూత్రం తెలిసినంతమాత్రాన ట్యాప్‌ను ముగించడం తెలిసినట్లు కాదు. లైసెన్సుగల ఎలక్ట్రీషియన్‌కూ, తనిఖీ అధికారికీ అయ్యే ఖర్చు దండుగ కాదు. “ఇండియాలో ఇవన్నీ ఎవరు చూశారు?” అనే వాదానికి వేడెక్కిన తీగ లొంగదు.

ఉగాదినాడు పొయ్యిలు, దీపాలు, ధ్వనియంత్రాలు అన్నీ ఒక్కసారే పనిచేస్తాయి. తీగలపై అత్యధిక భారం పడేది మందిరం నిండా పిల్లలూ పెద్దలూ ఉన్న ఆ వేళనే. కార్యవర్గం బడ్జెట్టు రాసేటప్పుడు తనిఖీ ఖర్చును మొదటి వరుసలో రాయడం న్యాయం.