చక్రాల మీది ఇల్లు

‘మీది ఏ ఊరు?’ అన్న మాట ప్రొద్దుటూరు వీధుల్లో ఒకనాడు పలకరింపు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చిన నాటి నుండి అదే మాట మన చెవులకు విచారణగా వినబడుతున్నది. ఆ ఏడాది ఆగస్టు 31న అస్సాంలో వెలువడిన పౌరుల తుది జాబితాలో 19 లక్షలకు పైగా మనుషులకు చోటు దక్కలేదు. ఆ వార్త విన్న తరువాత మన ఇళ్లలో ట్రంకు పెట్టెలు తెరుచుకున్నాయి. తాతల నాటి దస్తావేజులు, చిరిగిన రేషను కార్డులు వెతుక్కున్నాము. కాగితాలు అవసరమే, కాదనము. కాని ఇల్లంటే కాగితమేనా అని ఎదురు ప్రశ్నించడం మాత్రం మరచిపోయాము.

ప్రశ్నించిన కళాకారులు ఉన్నారు. 1937లో అలీగఢ్‌లో జన్మించిన జరీనా కుటుంబం విభజన జరిగిన కొన్నేళ్లకు పాకిస్తాన్‌కు తరలిపోయింది. ఆమె దేశదేశాలు తిరిగి, 2020లో లండన్‌లో కన్నుమూశారు. చక్రాలు తొడిగిన చిన్న ఇళ్లను ఆమె శిల్పాలుగా మలిచారు. 1999లో ఇంటిని తలచుకుంటూ 36 చెక్క అచ్చు చిత్రాలు చేసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఉర్దూ మాటను జోడించారు: గడప, తలుపు, గోడ, సరిహద్దు. ఆ అక్షరాలు చదవగల పెద్దలు జమ్మలమడుగులో ఇంకా ఉన్నారు. వారి మనవలు చాలామంది చదవలేరు. అదీ ఒక ఇల్లు కోల్పోవడమే. పాలస్తీనా కళాకారిణి ఎమిలీ జాసిర్ 2001లో ఒక కాందిశీకుల గుడారాన్ని నిలిపి, 1948లో నేలమట్టమైన, జనం వెళ్లగొట్టబడిన 418 గ్రామాల పేర్లను దానిపై దారంతో కుట్టించారు.

శిల్పమనగానే ముఖం తిప్పుకునే పెద్దలు మనలో ఉన్నారు. విగ్రహారాధన విషయంలో మన ధర్మం స్పష్టం, అందులో వాదన లేదు. గుడారం విగ్రహమా? గడప విగ్రహమా?

మన జిల్లాలో ఇటువంటి ఇళ్లకు కొదవ లేదు. పులివెందులలో, ప్రొద్దుటూరులో కువైట్ సంపాదనతో లేచిన మేడలున్నాయి. కట్టినవాడు రెండేళ్లకొకసారి వచ్చి, అందులో నెల రోజులు చుట్టంలా ఉండి పోతాడు. అక్కడ అకామా గడువు లెక్కపెట్టుకోవాలి, ఇక్కడ తాత పుట్టిన తేదీ వెతుక్కోవాలి. గండికోట జలాశయం నిండేందుకు 2020లో తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ అయింది. నీరు ఎవరి మతమూ అడగలేదు. పరిహారం లెక్క గట్టిన అధికారుల పట్టికలో వాకిలికి, వేపచెట్టు నీడకు గడి లేదు.

అదే గండికోటలో మాధవరాయ ఆలయం, జామియా మసీదు ఒకే కోట గోడల లోపల నిలిచి ఉన్నాయి. పర్యాటకులు పెన్నా లోయ అంచున ఫోటోలు దిగి వెళ్లిపోతారు. ఈ నేల మనుషుల వలసను, నిలకడను చూపే ఒక్క ప్రదర్శనశాల అక్కడ నెలకొల్పాలని మేము ప్రభుత్వాన్ని కోరుతున్నాము.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదు. పెళ్లి భోజనాలకు లక్షలు పోసే షాదీఖానాలు మన పట్టణాల్లో ఉన్నాయి. ఒక్క వారం ఆ హాలును ఖాళీగా ఇవ్వండి. ముంపు ఊరి తలుపు చట్రం, తాడుతో బిగించి పెయింటుతో పేరు రాసిన కువైట్ అట్టపెట్టె, దూదేకుల తాత దూది ఏకిన విల్లు, అమ్మ మెట్టిన నల్లని కడప బండ తెచ్చి నిలపండి. పక్కన ఆ ఇంటివారి మాట ఉర్దూలోను, తెలుగులోను రాసి ఉంచండి. ఊరందరినీ పిలవండి, ‘మీది ఏ ఊరు?’ అని అడిగినవారిని ముందుగా.