100ఎక్స్ జూమ్ ఫోటోలో ఉన్నది నిజంగా ఆ పిట్టేనా?

ఏ ఫ్లాగ్‌షిప్ ఫోన్ రివ్యూ చూసినా కెమెరా సెక్షన్‌లో ఒక జూమ్ శాంపిల్ తప్పకుండా ఉంటుంది. దూరంగా ఉన్న బోర్డు, చందమామ, లేదంటే కరెంటు తీగ మీద పిట్ట. ఈకలు లెక్కపెట్టేంత షార్ప్‌గా ఉంటే చాలు, "ఇక డీఎస్ఎల్ఆర్ ఎందుకు బ్రో" అనేస్తాం. బోర్డు, చందమామ వరకు ఓకే. పిట్ట దగ్గరే నాకు పేచీ.

ఆఫీసు పని అయ్యాక నేనొక చిన్న నేచర్ ఫోటోగ్రఫీ వెబ్‌సైట్ నడుపుతుంటాను. చోడవరం దగ్గర మా గోవాడ, చుట్టూ చెరకు తోటలు, చెరువులు, కాస్త దూరం వెళ్తే కొండకర్ల ఆవ. అక్కడ కనిపించే పక్షులు, సీతాకోకచిలుకలు, పాములే మా సైట్ సరుకు. కొన్ని నేను తీసినవి, కొన్ని ఊళ్లో కుర్రాళ్లు ఫోన్‌తో తీసి పంపేవి. ఈ మధ్య వాటిలో భారీ జూమ్ ఫోటోలు ఎక్కువయ్యాయి. నా మాట సూటిగా చెప్తాను: మసకగా ఉన్నా సరే, నిజమైన ఫోటోకే సైట్‌లో చోటు. ఏఐ గీసిన ఈకలు ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఫోన్ లోపల ఏం జరుగుతోంది?

చాలా ఫోన్లలో టెలిఫోటో లెన్స్ మహా అయితే 3ఎక్స్ లేదా 5ఎక్స్. ఆ తర్వాతదంతా క్రాప్ చేసి పెద్దది చేయడమే. అలా చేస్తే బొమ్మ చెదురుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ రంగంలోకి దిగుతుంది. నాలుగైదు ఫ్రేములు కలపడం, నాయిస్ తగ్గించడం వరకు తప్పేమీ లేదు, ఆ సమాచారం సెన్సర్ మీద పడిందే. కానీ ఇప్పుడు అంతకంటే ఒక అడుగు ముందుకెళ్లాం. 2025 ఆగస్టులో వచ్చిన పిక్సెల్ 10 ప్రోలో 30ఎక్స్ దాటితే జెనరేటివ్ ఏఐ మోడల్ వివరాలు నింపుతుంది. గూగుల్ ఈ విషయం దాచలేదు, ఫోటోలో కంటెంట్ క్రెడెన్షియల్స్ కూడా పెడుతోంది. దానికి మెచ్చుకోవాల్సిందే.

2023 మార్చిలో జరిగిన శామ్‌సంగ్ చందమామ గొడవ గుర్తుందా? కావాలనే బ్లర్ చేసిన చందమామ బొమ్మను మానిటర్ మీద పెట్టి ఒకతను ఫోటో తీస్తే, ఫోన్ అందులో లేని గుంతలు చూపించింది. అయినా చందమామతో నష్టం లేదు. ఉన్నది ఒక్కడే, మనకెప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడు. మోడల్ గెస్ చేసినా పెద్దగా తప్పదు. పిట్టలు అలా కాదు.

ఒక్క గీతతో జాతి మారిపోతుంది

మా వైపు తాటిచెట్లకు వేలాడే గూళ్లు కట్టే గిజిగాడు మీకు తెలిసే ఉంటుంది. దానికి దగ్గరి చుట్టం స్ట్రీక్డ్ వీవర్. గుడ్లు పెట్టే కాలం కానప్పుడు రెండూ పిచ్చుకల్లా గోధుమ రంగులోనే ఉంటాయి. తేడా చూడాల్సింది ఛాతీ మీద. గిజిగాడికి దాదాపు సాదాగా ఉంటుంది, స్ట్రీక్డ్ వీవర్‌కు నల్లటి చారలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. ఇప్పుడు 60ఎక్స్‌లో ఆ ఛాతీ వాటా ఎన్ని పిక్సెల్స్? మోడల్ "పిట్ట ఛాతీ ఇలా ఉంటుందిలే" అని నాలుగు చారలు గీసిందంటే జాతే మారిపోతుంది. చూసేవాడికి అనుమానం కూడా రాదు, ఎందుకంటే ఫోటో క్లియర్‌గా ఉంది మరి!

"పోతే ఒక ఫోటో తప్పవుతుంది, అంతేగా" అంటారా? మన దగ్గరే కలివికోడి కథ ఉంది. ఈ పక్షి గురించి శాస్త్రవేత్తలు 1848లోనే రాశారు. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఛాతీ మీద రెండు గోధుమ రంగు పట్టీలు దాని గుర్తు. రాత్రిళ్లు తిరిగే ఆ పిట్ట కోసం పరిశోధకులు ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు, మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు వెతికారు. తర్వాత తెలుగుగంగ కాలువ పనులు ఆ చిట్టడవుల వైపు వచ్చినప్పుడు, పక్షి ఉండే చోటు తప్పించి కాలువ దారి మార్చడానికి పనికొచ్చింది ఇలాంటి ఆధారాలే. మట్టి మీద అడుగుజాడకు మెగాపిక్సెల్స్ లేవు. కానీ అది నిజం.

మరి పెద్ద లెన్స్ లేనివాళ్లు?

ఇది న్యాయమైన ప్రశ్నే. 600 ఎంఎం లెన్స్ ధరకు ఊళ్లో ఒక కుర్రాడు బైక్ కొనుక్కుంటాడు. అందుకే నేను ఫోన్ వద్దనడం లేదు. ఏఐ జూమ్ మాత్రమే వద్దంటున్నాను. ఆప్టికల్ పరిధిలోనే తీయండి, పిట్ట చిన్నగా వచ్చినా పర్లేదు. బైనాక్యులర్ కంటికి ఫోన్ లెన్స్ ఆనించి తీసినా మంచి రికార్డు దొరుకుతుంది. సీతాకోకచిలుకలు, కప్పలు, పూలు అయితే దగ్గరికెళ్లి తీయొచ్చు, అక్కడ ఫోన్ చాలా బాగా పని చేస్తుంది.

మా సైట్‌లో పాటించేవి నాలుగే. ఒకటి, ఎడిట్ చేయని ఒరిజినల్ ఫైల్ పంపాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే మెటాడేటా పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటుంది. రెండు, తేదీ, ఊరు తప్పనిసరి. మూడు, సైట్‌లో పెట్టే కాపీ నుంచి జీపీఎస్ తీసేస్తాం, గూటి ఫోటోలైతే ఊరి పేరు కూడా రాయం. ఐనాచురలిస్ట్ కూడా ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన లొకేషన్ అందరికీ చూపించదు. నాలుగు, జాతి తేల్చలేకపోతే "తెలియదు" అనే రాస్తాం.

ఫోన్ కంపెనీలను అడగాల్సింది కూడా ఒకటుంది. జెనరేటివ్ జూమ్ ఇస్తే ఇవ్వండి. కానీ దాన్ని ఆఫ్ చేసే బటన్ కెమెరా స్క్రీన్ మీదే కనబడాలి, ఏఐ ముట్టుకోని ఫైల్ పక్కనే సేవ్ అవ్వాలి. మన రివ్యూల్లో కూడా "జూమ్ ఎంత షార్ప్" అని మార్కులేసే ముందు, ఆప్టికల్ ఎంతవరకు, గీసింది ఎక్కడి నుంచి అని విడదీసి చెప్పాలి.

ఈ ఆదివారం మీ ఊరి చెరువు దగ్గరికెళ్లి, మీ ఫోన్‌లో ఉన్న అసలు టెలిఫోటోతోనే ఒక కొంగను తీయండి. తేదీ, ఊరు రాసి దాచుకోండి. పదేళ్ల తర్వాత ఆ చెరువు పూడ్చేస్తే, ఒకప్పుడు అక్కడ కొంగలు వాలేవని చెప్పడానికి మీ దగ్గర సాక్ష్యం ఉండాలి.