గంజాయి ఇచ్చేది నిద్రేనా?

"గంజాయి తాగితే హాయిగా నిద్ర పడుతుంది, మందు కన్నా అదే నయం" అన్న మాట ఈ మధ్య చదువుకున్న యువకుల నోట కూడా వినబడుతోంది. పాఠకులారా, ఇందులో నిజం సగమే.

గంజాయిలో మత్తు కలిగించే ముఖ్య రసాయనం టీహెచ్‌సీ. ఇది మెదడులోని సీబీ1 గ్రాహకాల మీద పనిచేస్తుంది. నిజానికి ఆ గ్రాహకాలు మన మెదడే తయారుచేసుకొనే ఆనందమైడ్ వంటి పదార్థాల కోసం ఉన్నవి. 1992లో దానిని కనుగొన్న శాస్త్రవేత్తలు సంస్కృత 'ఆనంద' శబ్దంతో ఆ పేరు పెట్టారు. (పేరు మనది, పరిశోధన ఇజ్రాయెల్‌ది!) నాడీకణాల నడుమ సంకేతాలు మితిమీరినప్పుడు ఆనందమైడ్ పుట్టి, పని కాగానే విచ్ఛిన్నమైపోతుంది. టీహెచ్‌సీ అలా పోదు. కొవ్వులో కరిగి రోజుల తరబడి శరీరంలో నిలిచిపోతుంది.

మొదట్లో నిద్ర త్వరగా పట్టే మాట వాస్తవమే. అయితే కనుగుడ్లు చురుకుగా కదులుతూ కలలు వచ్చే నిద్రాదశను టీహెచ్‌సీ తగ్గిస్తుంది. జ్ఞాపకాలు, భావోద్వేగాలు కుదుటపడడంలో ఆ దశకు పాత్ర ఉంది. నిత్యం వాడేవారి మెదడు సీబీ1 గ్రాహకాలను తగ్గించుకుంటుంది కనుక నిన్నటి మోతాదు నేడు చాలదు.

అసలు చిక్కు మానినప్పుడు వస్తుంది. ఒకటి రెండు రోజులలోనే నిద్ర కరవవుతుంది. పట్టిన కాస్త నిద్రలోనూ భయంకరమైన కలలు, చెమటలు, పగలంతా చిరాకు. "చూశారా డాక్టరుగారూ, అది లేకపోతే నాకు నిద్రే రాదు" అని నాతో వాదించినవారున్నారు. ఆ నిద్రలేమిని తెచ్చిపెట్టినది గంజాయే. ఇది తెలియక, మానాలన్న సంకల్పం ఉన్నవారు సైతం మళ్లీ దానినే ఆశ్రయిస్తున్నారు.

సీబీడీ అనే మరో రసాయనం మత్తునివ్వదు. దాని నూనెను నిద్ర కోసం అమ్ముతున్నారు గాని, అందుకు తగిన ఆధారాలు ఇంకా బలంగా లేవు. పైగా మూర్ఛకు వాడే క్లోబజామ్ ప్రభావాన్ని అది పెంచగలదు. వైద్యునికి చెప్పకుండా వాడరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మానిన తరువాత దాదాపు నాలుగు వారాలకు ఆ గ్రాహకాలు ఇంచుమించు మామూలు స్థితికి వస్తాయని మెదడు స్కాన్ పరిశోధనలు చూపాయి. ఆ నెల రోజులు మీ బిడ్డ అర్ధరాత్రి లేచి తిరుగుతూ ఉంటే నిందించకండి; పక్కన కూర్చోండి. మానసిక వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.