మన క్రీడాకారుల ప్రయాణములు

పరదేశమున జరిగిన పోటీలో మనవారోడిరని వార్త వచ్చిన మరునాడు మన పఠన మందిరముల అరుగులపై జరుగు విచారణ అందరెరిగినదే. ఆటగానికి పట్టుదల లేదని యొకరు, శిక్షకునికి తెలివి లేదని మరియొకరు, జాతికే దేహబలము లేదని వేరొకరు తేల్చివేయుదురు. ముద్దాయి వాఙ్మూలమైనను వినకయే తీర్పు వెలువడుచుండును. ఈ విచారణలో మొట్టమొదట అడుగవలసిన ప్రశ్నలను మాత్ర మెవరును అడుగరు. ఆ ఆటగాడు పందెమునకు ఎన్ని దినములు ముందుగా ఆ యూరు చేరెను? ఏ విధముగా చేరెను? చేరిన రాత్రి ఎక్కడ నిద్రించెను? ఈ మూడింటికిని సమాధానము రానంతవరకు ఏ క్రీడాకారునిపైనను నేరము మోపుట న్యాయము కాదని మా యభిప్రాయము.

పూర్వోదాహరణ మొకటి కలదు. 1936వ సంవత్సరమున ధ్యాన్‌చంద్ నాయకత్వమున మన హాకీ జట్టు బెర్లిను ఒలింపిక్ క్రీడలకై బొంబాయి రేవున ఓడ యెక్కెను. రెండు వారములకు పైగా ఓడలోను రైలులోను గడపి బెర్లిను చేరిన కొలది దినములకే, జూలై 17వ తేదీన, జర్మనీ జట్టుతో అభ్యాసపు ఆట నాడి 4-1 గోలులతో ఓడిపోయెను. 1928లోను 1932లోను బంగారు పతకములు గెలిచిన దేశపు జట్టు అది! ఆ యోటమికి కారణములు పలు గలవు. జట్టు కూర్పున లోపముండెను; దానిని దిద్దుటకే దారాను స్వదేశమునుండి విమానముపై రప్పించిరి. కాని దీర్ఘప్రయాణము చేసిన కాళ్లు కుదుటపడుటకు వ్యవధి చాలలేదన్న సంగతియు మరువరానిది. మన భాగ్యవశమున అసలు పోటీకి ఇంకను దాదాపు మూడు వారములు మిగిలియుండెను. ఆగస్టు 15వ తేదీన ఆ జర్మనీనే మనవారు 8-1 గోలులతో ఓడించిరి. ఆ మూడు వారములు దొరకకున్నచో మన చరిత్రలో ఆ పుట ఏ విధముగా వ్రాయబడియుండెడిదో పాఠకులే యూహింతురు గాక.

నేడు ఓడలు పోయి విమానములు వచ్చినవి. ఆరు వారముల దూరము ఒక దినమునకు తగ్గినది. ఇందువలన అలసటయు తగ్గినదని తలచుట పొరపాటు. 1932లో లాస్ ఏంజలిసునకు బయలుదేరిన మన హాకీ జట్టు కొలంబో, సింగపూరు, జపానుల మీదుగా పసిఫిక్ మహాసముద్రమును దాటి పోయెను. కడలిపై వాంతులు, ఇరుకు గదులు, చాలీచాలని వ్యాయామము వారికి తప్పలేదు. అయినను ఓడలోని గడియారము కొంచెము కొంచెముగా జరుగుచుండగా, వారి దేహములును దానితోకూడ మెల్లగా జరిగినవి. రేవున దిగునాటికి ఆ యూరి పగలు వారికిని పగలే, ఆ యూరి రాత్రి వారికిని రాత్రియే. విమానము ఈ మేలును హరించినది. అది మనుష్యుని మోసికొనిపోవును గాని, వాని దేహములోని గడియారమును మాత్రము హైదరాబాదులోనే విడిచిపోవును.

దేహమున గడియారమున్నదనుట అలంకారము కాదు. జీవకణములలో అది నడుచు తీరును కనిపెట్టినందులకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించినది. నిద్ర, ఆకలి, ఒంటివేడి దానికి లోబడియే నడచును. సాధారణముగా కండరముల సత్తువ సాయంకాలమున హెచ్చుగను, తెల్లవారుజామున తక్కువగను ఉండును. తూర్పునకు పోయినపుడు ఈ గడియారము దినమునకు ఇంచుమించు ఒక గంట చొప్పునను, పడమరకు పోయినపుడు గంటన్నర చొప్పునను సర్దుకొనును. మనలో పెక్కుమంది దేహపు దినము 24 గంటలకంటె రవంత దీర్ఘమగుటచే, నిద్రను వెనుకకు జరుపుట సులభము, ముందునకు తెచ్చుట కష్టము.

ఈ లెక్కను రాబోవు ఒలింపిక్ క్రీడలకు వేసి చూతము. అవి 2028 జూలై 14వ తేదీన లాస్ ఏంజలిసులో ప్రారంభము కావలసియున్నవి. అక్కడ పట్టపగలు పన్నెండు గంటలగునప్పటికి మనకు అర్ధరాత్రి దాటి అరగంట. రెంటికిని భేదము పన్నెండున్నర గంటలు; ఇంతకు మించిన వ్యత్యాసము భూగోళముపై అరుదు. గంటన్నర చొప్పున సర్దుకొన్నను ఎనిమిది తొమ్మిది దినములు పట్టును. పందెమునకు మూడు దినములు ముందుగా దింపబడిన విశాఖపట్టణపు పిల్ల ఏ ప్రత్యర్థితో పోరాడుచున్నది? ఎదుటనున్న క్రీడాకారిణితోనా, తన కన్నులను మూయుచున్న అర్ధరాత్రితోనా?

ఇది విదేశయాత్రల మాట. స్వదేశములోని ప్రయాణముల మాట ఇంతకంటె విచారకరము. గత శీతకాలమున ఒక పెద్ద జంక్షనులో ఉత్తరదేశమునకు పోవు రైలుకొరకు మేము వేచియుండగా, ప్లాటుఫారముపై సంచులను తలగడలుగా పెట్టుకొని పడుకొన్న పాఠశాల బాలురు కనబడిరి. బరువులెత్తు పోటీకి పోవుచున్నారట. ముప్పది గంటలు దాటిన ప్రయాణము; ఒక్కరికైనను బెర్తు లేదు. వారిలో నొకనికి నీళ్లు ఈయబోగా వలదనెను. “త్రాగవేమి బాబూ?” అని యడిగితిమి. “బరువు పెరిగిపోతానండీ, ఎల్లుండి పొద్దున్నే తూస్తారు” అనెను. వీరిని తీసికొనిపోవలసిన పెద్దమనుష్యు డెక్కడ నని విచారింప, ఆయన మరునాడు విమానములో వచ్చునని తెలిసినది.

ఈ దేశమంతటికిని ఒకే కాలమానము గనుక రైలు ప్రయాణమున దేహపు గడియారము చెడదు. ఇక్కడి రోగము వట్టి బడలిక: నిద్ర లేమి, కాళ్లు ముడిచి కూర్చుండుట, వేళకు తిండి లేకుండుట, నీరు త్రాగకుండుట. దేహపు బరువులో నూటికి రెండు పాళ్లు నీరు తగ్గినను ఓర్పు తగ్గునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. దీనికి మందు కడు చవుక. ఒకటి రెండు రాత్రుల కమ్మని నిద్ర, కడుపునిండ తిండి, కొంత నడక, ఒంటిని సాగదీయు తేలిక వ్యాయామము. అంతకు మించి యక్కరలేదు. ఆ రెండు రాత్రులను ఈయలేని పోటీకి పిల్లలను పంపుట యేల?

విదేశయాత్రకు మరికొన్ని జాగ్రత్తలు గలవు. బయలుదేరుటకు కొన్ని దినములు ముందునుండియే నిద్రవేళను గంట గంటగా జరుపవలెను. విమానములోని గాలి మిక్కిలి పొడిగా నుండును గనుక తరచు నీరు త్రాగవలెను, మద్యము ముట్టరాదు. దిగిన మొదటి రెండు దినములు కఠిన వ్యాయామము తగదు. పగటి కునుకు అరగంట మించరాదు. అన్నిటికంటె ముఖ్యమైన ఔషధము సూర్యుని వెలుతురు. అది వేళకు సోకిన గడియారమును దిద్దును, వేళ తప్పి సోకిన వెనుకకు త్రోయును. కావున ఎప్పుడు ఎండలో నడువవలెనో, ఎప్పుడు చీకటిగదిలో నుండవలెనో జట్టు వైద్యుడు ముందుగనే పట్టికగా వ్రాసి యీయవలెను. నిద్రకై మాత్రలు తినదలచినవారు వైద్యుని యడుగక తినరాదు. అంగడి సరుకులో నిషిద్ధ ద్రవ్యము కలిసియున్నచో ఆటగాని జీవితమే మంటగలియును.

“నిద్ర సుఖమెరుగదు” అను సామెతను కొందరు మాకు వినిపింతురు. పూర్వులు మూడవ తరగతి పెట్టెలలో పోయి గెలువలేదా యని కొందరడుగుదురు. ఆ సామెత అలసినవాడు కటికనేలపైనను నిద్రించునని చెప్పునేగాని, వాడు తెల్లవారి బరువు లెత్తగలడని చెప్పదు. ఇక పూర్వులు గెలిచిరనుట నిజమే. బాధలున్నను గెలిచిరి, బాధలవలన గెలువలేదు. గెలిచినవారి పేరులు మనకు మిగిలినవి. ప్లాటుఫారములపై తమ బలమును పోగొట్టుకొని మొదటి పందెముననే వెనుదిరిగినవారి పేరులను వ్రాసి పెట్టినవా రెవరు?

వ్యయమను ఆక్షేపణ యొకటి మిగిలినది. ఒక బాలుని నాలుగైదేండ్లు సాధన చేయించి, తిండికిని శిక్షకునికిని వెచ్చించి, తుదకు రెండు రాత్రుల బసకు వెనుదీయుట పొదుపు కాదు. పంట పండించి కళ్లమునకు తోలక చేనిలోనే విడుచుట వంటిది అది. మన తెలుగునేల నుండియే శ్రీకాకుళపు కరణం మల్లీశ్వరి 2000వ సంవత్సరమున సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకము తెచ్చి, ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతనారి యైనది. అట్టి బిడ్డలు నేడును మన పల్లెలలో గలరు. వారు కోరునది సన్మానసభలు కావు, నిద్రించుటకు ఒక బెర్తు.

కావున మేము కోరునవి మూడు. దేశములో పోటీకి పోవు ప్రతి బాలునికిని బాలికకును బెర్తు నిశ్చయమైన పిదపనే జట్టును కదలింపవలెను. పోటీకి కనీసము రెండు రాత్రులు ముందుగా చేర్పవలెను. కాలభేదము మిక్కుటముగా గల దేశములకు పోవువారిని ఆ భేదమునకు తగినన్ని దినములు ముందుగా పంపవలెను. లాస్ ఏంజలిసునకు పదిదినములకు తక్కువ పనికిరాదు. జట్టును తీసికొనిపోవు అధికారి జట్టుతోడనే, ఆ పెట్టెలోనే ప్రయాణము చేయవలెను. ఈ మూడవది అమలు జరిగినచో మొదటి రెండును వాటంతట అవియే నెరవేరునని మా నమ్మకము.