పైన చూపించే శాతం, లోపలి లోహం



పోయిన నెల పీటీఎంలో పదో తరగతి విద్యార్థి తండ్రిగారు ఒకరు నన్ను అడిగారు: "మేడమ్, కెమిస్ట్రీ పీరియడ్‌లో రోమన్ నాణేల గురించి చెప్పారట. అది పరీక్షలో వస్తుందా?" రాదని చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. అడిగే హక్కు ఆయనకుంది. అందుకే నా జవాబు మీ అందరికీ రాస్తున్నాను.

పాఠంలో ఉన్నది చిన్న విషయమే. రాగి, జింక్ కలిస్తే ఇత్తడి. రాగి, తగరం కలిస్తే కంచు. పిల్లలు నిమిషంలో బట్టీ పట్టేస్తారు. "రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, జింక్ 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. మరి రెండూ ఎలా కలిశాయి?" అని అడిగితే క్లాసంతా నిశ్శబ్దం.

రోమన్లు జింక్‌ను విడి లోహంగా తీసి కలపలేదు. రాగి ముక్కలు, జింక్ ఖనిజం, బొగ్గు కలిపి మూత పెట్టిన మూసలో కాల్చేవారు. బయటికి పోలేని జింక్ ఆవిరి రాగిలోకి ఇంకేది. క్రీ.పూ. 23 ప్రాంతంలో అగస్టస్ చక్రవర్తి డుపోండియస్ నాణేన్ని ఇత్తడితో, ఆస్ నాణేన్ని రాగితో చేయించాడు. రెండూ దాదాపు ఒకే సైజు. కానీ పసుపు రంగు నాణెం విలువ రెట్టింపు.

ఎర్ల్ కేలీ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త 1964లో ఈ ఇత్తడి నాణేల మీద పుస్తకం ప్రచురించారు. కాలం గడిచేకొద్దీ వాటిలో జింక్ తగ్గుతూ వచ్చింది. పాత నాణేలను కరిగించిన ప్రతిసారీ కొంత జింక్ ఆవిరిగా పోవడం అందుకు ఒక ముఖ్య కారణం.

ఇప్పుడు ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ యంత్రాన్ని నాణేనికి ఆనిస్తే నిమిషంలోపే శాతాలు చూపిస్తుంది. కానీ అది చూసేది పైపొరనే. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న ఇత్తడి పైపొరలోంచి జింక్ కరిగి పోతుంది కాబట్టి, అసలు కంటే తక్కువ చూపిస్తుంది. కంచులో తగరం ఎక్కువగా కనిపించవచ్చు. అందుకే పరిశోధకులు సన్నటి రంధ్రం చేసి, పైపొర పొడిని పారేసి, లోపలి లోహాన్ని పరీక్షిస్తారు.

ఇక్కడ ఒక అబ్బాయి లేచాడు. "అయితే మేడమ్, జింక్ తగ్గిందన్నది కూడా మట్టి వల్లే అనిపించిందేమో?" లోపలి లోహం తీసి చూసినా అదే తగ్గుదల కనిపించిందని చెప్పాను. అంత మంచి ప్రశ్న ఆ ఏడాది నాకు ఎవరూ వేయలేదు. వీకెండ్ టెస్టుల్లో ఆ అబ్బాయి పేరు ఎప్పుడూ జాబితా చివర్లోనే ఉంటుంది.

టెస్టులు వద్దని నేను అనడం లేదు. ర్యాంకు ఎంత అవసరమో నాకూ తెలుసు; ఆ నాణేలకు నేను తీసుకున్నది ఒక్క పీరియడే. కానీ వారం వారం మీ ఫోనుకు వచ్చే మార్కు కూడా ఆ యంత్రం చూపించే శాతం లాంటిదే. అది అబద్ధం కాదు. తను చూసినంత మేరకే నిజం.

నాదొక్కటే విన్నపం. ఈ ఆదివారం మార్కు దగ్గర ఆగకండి. మీ అమ్మాయి లేదా అబ్బాయి పక్కన కూర్చుని, పేపర్లో తప్పు పోయిన ఒక్క ప్రశ్న తీసి, "ఇలా ఎందుకు రాశావమ్మా?" అని అడగండి. కోప్పడకుండా చివరిదాకా వినండి. వచ్చే పీటీఎంకు మార్కుల షీటుతో పాటు ఆ జవాబు కూడా తీసుకురండి. మనం మాట్లాడుకోవలసింది దాని గురించే.

— పదో తరగతి సైన్స్ టీచర్